వేసవి మీద వేసిన నింద: ఖాళీగా ఉన్నప్పుడే పడిపోయిన కంప్యూటర్

ఈ కేసులో నేను మూడుసార్లు "దొరికింది" అనుకున్నాను. మూడుసార్లూ పొరపాటే. అందులో ఒకసారి కస్టమర్ చేత యూపీఎస్ కూడా కొనిపించాను. కడపలో చాలా ఏళ్లుగా కంప్యూటర్లు బిగించి, బాగుచేసి బతుకుతున్నవాణ్ణి కాబట్టి ఇలాంటివి బయటకు చెప్పుకోవడం వ్యాపారానికి మంచిది కాదు. అయినా ఓవర్‌క్లాకింగ్ (కంపెనీ పెట్టిన వేగం దాటించడం) చేసిన మెషీన్లు నా బల్ల మీదికి ఎక్కువగా వస్తున్నాయి, వాటిలో సగం ఇదే తీరులో తప్పుదారి పట్టిస్తున్నాయి. కస్టమర్ అనుమతితోనే రాస్తున్నాను. ఆయన్ను గుర్తుపట్టే వివరాలు కొన్ని వదిలేశాను, కొన్ని మార్చాను.

నేపథ్యం

ఆయన పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే యువకుడు. ఇంటి ముందుగదిలోనే పని. మెషీన్ నా దగ్గర బిగించినదే: రైజెన్ 7 5800ఎక్స్ ప్రాసెసర్, బి550 మదర్‌బోర్డు, 16 జీబీవి రెండు డీడీఆర్4 3600 ర్యామ్‌లు, 650 వాట్ల ఎస్‌ఎమ్‌పిఎస్ (మెషీన్‌కు కరెంటు అందించే పెట్టె), మోస్తరు హీట్‌సింక్. రెండేళ్లు ఒక్క ఫిర్యాదు లేదు.

ఫిబ్రవరిలో ఆయన యూట్యూబ్ వీడియోలు చూసి బయాస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల్లో) చేయి పెట్టాడు. ప్రాసెసర్ విద్యుత్ పరిమితులు పెంచే పీబీఓ ఆన్ చేశాడు. బూస్ట్ (ప్రాసెసర్ తనంతట తాను వేగం పెంచుకోవడం) పరిమితికి 200 మెగాహెర్ట్జ్ కలిపాడు. ర్యామ్ వేగాన్ని 3600 నుంచి 3800కు లాగాడు. అన్నిటికంటే ముఖ్యంగా, కర్వ్ ఆప్టిమైజర్‌లో ఎనిమిది కోర్లకూ (ప్రాసెసర్‌లో విడివిడిగా పనిచేసే భాగాలకు) మైనస్ 30 పెట్టాడు.

ఆ చివరిది తెలియనివారి కోసం రెండు మాటలు. ఏ వేగానికి ఎంత వోల్టేజీ కావాలో ప్రాసెసర్ తన దగ్గర ఒక లెక్క ఉంచుకుంటుంది. కర్వ్ ఆప్టిమైజర్ ఆ లెక్కనంతటినీ కిందికి జరుపుతుంది. ఒక్కో మెట్టు సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్టులు. ముప్పై మెట్లంటే 90 నుంచి 150 మిల్లీవోల్టుల కోత. వోల్టేజీ తగ్గితే వేడి తగ్గుతుంది, వేడి తగ్గితే ప్రాసెసర్ మరింత వేగం అందుకుంటుంది. ఉచితంగా వచ్చే లాభంలా కనిపిస్తుంది. అందుకే కుర్రకారుకు దాని మీద మోజు.

పరీక్షించకుండా వదిలే మనిషి కాదు ఆయన. "రాత్రంతా ప్రైమ్95 నడిపానన్నా, ఒక్క తప్పూ రాలేదు" అన్నాడు. ప్రాసెసర్‌కు నిండు పని ఇచ్చి తప్పులు పట్టే ప్రోగ్రామ్ అది. నిజమే, ఆ రికార్డు నాకు చూపించాడు కూడా. ఆ ఒక్క మాటతో నా ఆలోచన కుడివైపు తిరగాల్సింది ఎడమవైపు తిరిగింది. రాత్రంతా నిలబడిన మెషీన్‌లో సెట్టింగుల తప్పు ఉండదు, బయట ఇంకేదో ఉందని అప్పుడే తీర్మానించేసుకున్నాను.

సమస్య

ఏప్రిల్ చివర్లో ఫోను వచ్చింది. మెషీన్ తనంతట తాను రీస్టార్ట్ అవుతోంది. నీలి తెర లేదు, హెచ్చరిక లేదు. తెర నల్లబడుతుంది, కొన్ని సెకన్లకు మళ్లీ మొదలవుతుంది. సగటున రెండు రోజులకోసారి.

"రెండరింగ్ పెట్టి పడుకుంటే తెల్లారేసరికి శుభ్రంగా అయిపోయి ఉంటోంది. టీ తాగి వచ్చి మెయిల్ తెరిస్తే పడిపోతోందన్నా."

ఈ వాక్యం నా నోటుపుస్తకంలో ఉంది. దాని పక్కన నేను రాసుకున్న మాట: "ఎప్పుడు పడుతుందో చెప్పలేం." జబ్బేమిటో మనిషి నోటితో చెప్పేస్తే, నేను దాన్ని చెప్పలేని లక్షణాల్లో చేర్చాను.

మొదటి పొరపాటు: ఎండ

మే నెల కడపలో ఏ యంత్రం ఆగినా మొదటి నింద ఎండ మీదే. బయట 42 డిగ్రీలు, ఆ ముందుగదిలో మధ్యాహ్నం 36 దాటేది. క్యాబినెట్ తెరిస్తే హీట్‌సింక్ రెక్కల మధ్య బూడిదరంగు పొడి, వేలితో రాస్తే ముఖానికి వేసుకునే పౌడరంత మెత్తన. వాళ్ల వీధి చివర బండలు కోసి పాలిష్ పట్టే చోటు ఉంది. కడప బండ మన గచ్చుల మీద ఎంత చల్లగా ఉంటుందో, దాని పొడి ఫ్యాన్లలో అంత చేటు చేస్తుంది.

బ్లోయర్‌తో ఊది, పాత థర్మల్ పేస్టు తుడిచి కొత్తది రాశాను. నిండు భారంలో ఉష్ణోగ్రత ఈ ప్రాసెసర్ హద్దయిన 90 డిగ్రీల నుంచి 81కి దిగింది. పనిచేసేటప్పుడు గది కూలర్ వేసుకోమని, వీలైతే దాని గాలి క్యాబినెట్ వైపు తిప్పమని సలహా కూడా ఇచ్చి వచ్చాను.

తరువాతి వారంలో రీస్టార్ట్‌లు పెరిగాయి.

చల్లబరిస్తే జబ్బు ముదిరింది. ఇంతకంటే స్పష్టమైన సూచన ఏ యంత్రమూ ఇవ్వదు. నేనేమో కొత్త పేస్టు కుదురుకోవడానికి టైం పడుతుందని ఆయనకు చెప్పాను. పేస్టు కుదురుకోకపోతే ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువ ఉంటుంది, అంతే. అది నాకూ తెలుసు.

రెండో పొరపాటు: కరెంటు

ఆయనే ఒక పోలిక పట్టాడు. "గది కూలర్ వేసిన అరగంట, గంటలో పడిపోతోందన్నా." కూలర్ మోటారు అందుకునేటప్పుడు ఆ గదిలో ట్యూబులైటు కళ్లార్పడం నేనూ చూశాను. విండోస్ రాసుకునే నమోదులు చూపే ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే ప్రతి రీస్టార్ట్‌కూ ఎర్ర గుర్తుతో కెర్నల్ పవర్ 41. కూలర్, లైటు, "పవర్" అన్న మాట, మూడూ ఒకే వైపు వేలు చూపించాయి. మరునాడే యూపీఎస్ కొనిపించాను.

ఇక్కడ తర్కంలో రెండు చిల్లులున్నాయి. 41 అనే ఆ నమోదుకు "ఈ మెషీన్ సక్రమంగా షట్‌డౌన్ కాకుండా మళ్లీ మొదలైంది" అని తప్ప వేరే అర్థం లేదు. కరెంటు పోయినా, ప్రాసెసర్ చిక్కుకుపోయినా, ఎవరైనా పవర్ బటన్ నొక్కిపట్టినా వచ్చేది అదే. పేరులో పవర్ ఉన్నంత మాత్రాన కారణం కరెంటు కాదు. రెండోది, కూలర్ మోటారు కరెంటు లాగేది ఆన్ చేసిన మొదటి క్షణాల్లో. మెషీన్ పడుతున్నది అరగంట తరువాత. కారణానికీ ఫలితానికీ నడుమ ఆ అరగంట ఎక్కడికి పోయిందని నన్ను నేను అడగలేదు.

యూపీఎస్ పెట్టిన మూడో రోజు మళ్లీ పడింది. అది కనీసం బీప్ అని కూడా అనలేదు. అప్పుడు మల్టీమీటర్ తీసుకెళ్లి, అతి తక్కువ రీడింగు పట్టే మీట నొక్కి, కూలర్‌ను పదిసార్లు వేసి ఆపాను. కనిష్ఠం 198 వోల్టులు. ఎస్‌ఎమ్‌పిఎస్ పక్కన అతికించిన చీటీలో ఇన్‌పుట్ 100 నుంచి 240 వోల్టులని ముద్రించి ఉంది. రెండేళ్ల కిందట ఆ పెట్టెను నా చేతులతోనే స్క్రూలు బిగించాను. చీటీ చదవడానికి పైసా ఖర్చు లేదు, యూపీఎస్‌కు అయింది. ఆ యూపీఎస్‌ను కొన్న ధరకే నేను తీసుకున్నాను. ఇప్పుడు షాపులో బిల్లింగ్ కంప్యూటర్ కింద ఉంది.

మూడో పొరపాటు: నిజమైన తప్పే, కానీ ఈ తప్పు కాదు

ఈసారి ఈవెంట్ వ్యూయర్‌ను కుదురుగా చదివాను. వీయా లాగర్ పేరుతో 19 సంఖ్య నమోదులు వందలకొద్దీ ఉన్నాయి. హార్డ్‌వేర్ తప్పు చేసి, దాన్ని తానే దిద్దుకున్నప్పుడు పడే నమోదులు అవి. ర్యామ్ 3800లో ఉంటే ప్రాసెసర్ లోపలి భాగాలను కలిపే ఫాబ్రిక్ అనే దారి గడియారం 1900 మెగాహెర్ట్జ్‌లో తిరగాలి. 5000 శ్రేణి చిప్‌లలో చాలావాటికి 1800 సుఖం, 1900 అదృష్టం. ఈయనకు ఆ అదృష్టం లేదు. పాటలు వింటుంటే అప్పుడప్పుడు స్పీకర్లలో చిటపట వస్తోందని ఆయన ఎప్పుడో అన్నాడు కూడా.

ర్యామ్‌ను దాని సొంత వేగం 3600కు, ఫాబ్రిక్‌ను 1800కు దించాను. 19లు ఆగిపోయాయి, చిటపట పోయింది. నాలుగు రోజులు పడలేదు. ఫోను చేసి "అయిపోయింది" అన్నాను. అయిదో రోజు పొద్దున ఆరింటికి ఆయన ఫోను చేశాడు, పెద్దగా ఏమీ అనలేదు. ఆ నిశ్శబ్దం బాగా తగిలింది.

ఆ రాత్రి లెక్క వేసుకున్నాను. సగటున రెండు రోజులకోసారి, ఏ క్రమమూ లేకుండా పడే మెషీన్, బాగుపడకపోయినా సరే, నాలుగు రోజులు ఊరకే నిలబడటానికి నూటికి పదమూడు పాళ్ల అవకాశం ఉంది. ఆరు రోజులైతే అయిదు పాళ్లు. తప్పు ఎంత కాలానికోసారి వస్తుందో దానికి మూడు రెట్ల కాలం ప్రశాంతంగా గడిస్తే గానీ "పోయింది" అన్న మాట నోట రాకూడదన్న మాట. అంతకు ముందు నేను ఒక రోజు నడిపి చూసి పంపేసిన మెషీన్లు ఎన్నో గుర్తొచ్చాయి.

వెనక్కి నడక

ఇక మొదటే చేయాల్సింది చేశాను. బయాస్‌ను ఫ్యాక్టరీ సెట్టింగులకు తెచ్చాను. ముందే ఎందుకు చేయలేదంటే, ఆయనకు వేగం పోతుందని దిగులు, నాకు ఆ ప్రైమ్95 రాత్రి మీద నమ్మకం. దానికి ముందు పెళ్లి ఫుటేజీ మొత్తం బయటి హార్డ్ డిస్కుకు కాపీ చేయించాను. నిలకడ లేని మెషీన్ పడిపోవడం కంటే, పడిపోకుండా తప్పుడు డేటా రాయడం ఎక్కువ ప్రమాదం. పడిపోతే తెలుస్తుంది.

ముహూర్తాల కాలం కాబట్టి ఆ సాదా సెట్టింగులతోనే పని కానిమ్మన్నాను. ఇరవై రోజుల పైన ఒక్కసారీ పడలేదు. కాబట్టి హార్డ్‌వేర్ బాగుంది, కరెంటు బాగుంది, ఎండ ఎండలాగే ఉంది. తప్పు సెట్టింగుల్లోనే ఉంది. ఇంతలో ఆషాఢం వచ్చింది. పెళ్లిళ్లు లేవు, మెషీన్‌కు సెలవు దొరికింది. నా షాపుకు తెప్పించుకున్నాను.

పాత లాగ్‌ను మొదటినుంచి మళ్లీ చదివాను. వందల 19ల గుంపులో నలిగిపోయి అయిదు వేరే నమోదులున్నాయి, సంఖ్య 18. ఇవి దిద్దుకోలేని తప్పులు, క్యాష్ హైరార్కీ ఎర్రర్ (ప్రాసెసర్ లోపలి మెమొరీలో తప్పు) అని ఉంది. ఒక్కోదాని కింద తప్పు ఏ త్రెడ్‌లో జరిగిందో చెప్పే ఏపిక్ ఐడి అనే అంకె: 6, 7, 6, 2, 6. ఈ ప్రాసెసర్‌లో ఒక్కో కోరుకు రెండు త్రెడ్‌లు (ఒకేసారి నడిచే పని వరుసలు), కాబట్టి అంకెను రెండుతో భాగిస్తే కోరు తెలుస్తుంది. 6, 7 అంటే కోర్ 3. 2 అంటే కోర్ 1. ఎనిమిది కోర్లలో రెండే దొంగలు. మూడో పొరపాటులో 19లను చూసి సంబరపడకుండా ఇంకాస్త కిందికి జరిపి ఉంటే నెల ముందే దొరికేవారు.

ఈ ప్రాసెసర్ల కోసం కంపెనీ ఇచ్చే రైజెన్ మాస్టర్ సాఫ్ట్‌వేర్‌లో చూస్తే ఆ రెండింటికే చుక్కలున్నాయి. అంటే ఈ చిప్‌లో అత్యుత్తమ కోర్లు అవే. మొదట వింతగా అనిపిస్తుంది, మంచి కోర్లే ఎందుకు పడాలి? కారణం సులువే. ఒక్క పనే ఉన్నప్పుడు విండోస్ దాన్ని మంచి కోరుకే అప్పగిస్తుంది. ఆ కోరు అందరికంటే ఎత్తుకు పరిగెత్తుతుంది, అదీ ఫ్యాక్టరీలోనే తక్కువ వోల్టేజీ లెక్కతో. దానికి మిగులు తక్కువ. అందరికీ సమానంగా మైనస్ 30 అంటే, ఉన్నవాడి నుంచీ లేనివాడి నుంచీ ఒకే పన్ను వసూలు చేసినట్లు.

ఇప్పుడు ప్రైమ్95 రాత్రికి అర్థం తెలిసింది. పదహారు త్రెడ్‌లూ నిండుగా పనిచేస్తే విద్యుత్ పరిమితి, వేడి కలిసి వేగాన్ని 4.4, 4.5 గిగాహెర్ట్జ్ దగ్గర అదిమి ఉంచుతాయి. ఆ వేగంలో కోత భరించగలిగినదే. మెయిల్ తెరిచినప్పుడు మాత్రం ఒక్క కోరు సెకనులో చిన్న భాగం 5.05 గిగాహెర్ట్జ్‌కు ఎగురుతుంది. మామూలుగా 4.85 దగ్గర ఆగే దానికి మన కస్టమర్ కలిపిన 200 అది. ఆ ఎత్తులో కోసిన వోల్టేజీ చాలదు. బస్తా మోస్తూ మెట్లెక్కగలవాడు గంతు వేసినప్పుడు కాలు మడత పడినట్లు. ఆయన పరీక్ష బస్తా గురించి అడిగింది, జబ్బు గంతులో ఉంది.

కూలర్ ముడి కూడా ఇక్కడే వీడింది. చిప్ చల్లగా ఉంటే బూస్ట్ ఇంకా పైకి పోతుంది, వేడెక్కితే తనంతట తాను కాస్త తగ్గుతుంది. నోటుపుస్తకంలో పడిన వేళలన్నీ వరుసగా రాస్తే తెల్లవారుజామున కొన్ని, రాత్రి కూలర్ నడిచాక కొన్ని ఉన్నాయి. మధ్యాహ్నం ఒంటిగంటకూ అయిదింటికీ నడుమ ఒక్కటీ లేదు. మే నెల ఎండ ఆ మెషీన్‌ను కాపాడుతూ వచ్చింది, నేను దాని మీదే కేసు పెట్టాను.

పనిచేసినది

పాత సెట్టింగులే మళ్లీ పెట్టి, కోర్‌సైక్లర్ అనే చిన్న స్క్రిప్టు నడిపాను. ప్రైమ్95నే వాడుతుంది గానీ ఒక్కో కోరు మీద విడివిడిగా. అందులో తేలికపాటి ఎస్‌ఎస్‌ఈ పద్ధతి ఎంచుకున్నాను. భారమైన ఏవీఎక్స్ ఎంచుకుంటే వేడి పెరిగి వేగం తగ్గుతుంది, అప్పుడు మళ్లీ ఆ పాత పరీక్షే అవుతుంది. పొద్దున షాపు తెరవగానే మొదలుపెడితే కోర్ 3 నాలుగో నిమిషంలో తప్పు చూపింది. మధ్యాహ్నం మూడింటికి, గది ఫ్యాన్ ఆపి, అదే కోరును ఇరవై నిమిషాలు నడిపితే నిలబడింది. వేగం, వేడి చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో పొద్దున 5.05 చూపించిన చోట మధ్యాహ్నం 4.95.

రెండు రోజులకోసారి వచ్చే తప్పును నాలుగు నిమిషాల్లో రప్పించగలిగాక మిగిలినదంతా ఓపిక. ఒక తప్పటడుగు మాత్రం పడింది. రైజెన్ మాస్టర్ కోర్లను ఒకటి నుంచి లెక్కపెడుతుంది, బయాస్ సున్నా నుంచి. ఆ తొందరలో పక్క కోరుకు సడలింపు ఇచ్చి, ఎందుకు ఇంకా పడుతోందా అని ఒక పూటంతా జుట్టు పీక్కున్నాను.

బూస్ట్ అదనాన్ని 200 నుంచి 50కి తగ్గించాను, ఎందుకంటే చివరి వంద మెగాహెర్ట్జ్‌ల కోసం వోల్టేజీ పైకి పోవాలి, మనం దాన్నే కిందికి లాగుతున్నాం. ఆ తరువాత తప్పు చూపిన కోరుకు మూడేసి మెట్లు సడలిస్తూ, ఒక్కో కోరును రాత్రిళ్లు గంటలకొద్దీ నడిపిస్తూ వచ్చాను. చివరికి కోర్ 3 మైనస్ 9 దగ్గర, కోర్ 1 మైనస్ 12 దగ్గర నిలిచాయి. మిగతావి మైనస్ 20కీ మైనస్ 27కీ మధ్య. ర్యామ్ 3600లోనే ఉంచాను. ఆయన ఎప్పుడూ నమూనాగా వాడే ఇరవై నిమిషాల టైమ్‌లైన్ రెండరింగ్, పాత మైనస్ 30 రోజులతో పోలిస్తే ఒక నిమిషం లోపు తేడాతో పూర్తయింది. ఈ ఒక్క నిమిషం కోసమే ఏప్రిల్ నుంచి ఇద్దరం నిద్ర పాడుచేసుకున్నాం.

ఆ తరువాత

శ్రావణం ముహూర్తాలు మొదలయ్యే ముందు మెషీన్ ఇంటికి పంపాను. బయాస్ అప్‌డేట్ చేస్తే ఈ అంకెలన్నీ చెరిగిపోతాయి కాబట్టి ఎనిమిది కోర్ల విలువలూ మాస్కింగ్ టేపు మీద రాసి క్యాబినెట్ పక్క రేకు లోపలివైపు అతికించాను. సున్నా నుంచే లెక్క అని పైన రాశాను.

ఇప్పుడు షాపులో మెషీన్ తీసుకునేటప్పుడు "ఎప్పుడు పడుతోంది" అని అడగడం మానేశాను. "పడే ముందు పది సెకన్లలో ఏం చేస్తున్నారు, ఏం చేస్తున్నప్పుడు ఎప్పుడూ పడలేదు" అని అడుగుతున్నాను. రెండో ప్రశ్నకే ఎక్కువ సమాచారం వస్తోంది. బయాస్‌లో ఏదైనా మార్చారా అంటే ముందు అందరూ లేదనే అంటారు, కాబట్టి అడగకుండా నేనే తెరిచి ఫోటో తీసుకుంటున్నాను.

జనవరిలో, సంక్రాంతికి ముందు ఒక తెల్లవారుజామున ఆయన మళ్లీ ఫోను చేశాడు. చలికి కిటికీ మూసుకుని కూర్చుని మెయిల్ చూసుకుంటున్నాడట, ఒక్కసారి పడింది. ఈసారి నేను వెళ్లేలోపే ఆయనే లాగ్ తెరిచి చూశాడు. "18 అన్నా. ఏపిక్ 6." కడప వేసవిలో సరిచూసిన అంకె చలికాలానికి సరిపోలేదు. ఇద్దరం ఫోనులోనే మాట్లాడుకుని కోర్ 3ను మైనస్ 5కు సడలించాం. రేకు విప్పి టేపు మీద 9 కొట్టేసి 5 రాయమన్నాను. రాసి ఫోటో పంపాడు.